దినానికి ఉత్సవం అతికించిన మహావీరుడు

వినుడు పురజనులారా. వినకున్నను చెప్పెదను, ఏలయన నా గొంతునకు తగ్గించు మీట లేదు.

భాగ్యనగరమునుండి బెజవాడకు ఉరుకులెత్తు రాజమార్గమున, ప్రయాణికుల కడుపులో ఆకలి సరిగ్గా మేలుకొను చోట వెలసి, ఎర్రబస్సు ఏసీబస్సు అను భేదభావము లేక సకల వాహనములును ‘టిఫినుకు పది నిమిషాలు’ అను కండక్టరు శంఖారావముతో ఆగునట్టి సూర్యాపేట మహాపట్టణమున; కోతకు వచ్చిన వరిచేల గాలి మోతె దిక్కునుండి మెల్లగా వీచుచుండ, మిర్యాలగూడ మిల్లులు కొత్త వడ్లకొరకు నోళ్లు తెరచియుండ; అక్టోబరు మాసపు నాలుగవ ఆదివారమున, సూర్యుడు తన పేరు పెట్టుకొన్న పేటలో తానే ఆలస్యముగా నిద్రలేచిన ఉదయమందు ఒక ఘోరసంగ్రామము జరిగెను. అందు నేలకూలినది ఒక స్టూలు. చిందినది దోశపిండి. గెలువబడినవి మూడక్షరములు. ఆ మూడక్షరములు ఏవియని తొందరపడి అడుగకుడు. కథ చివరను ముందే చెప్పుట ఎంతటి ప్రమాదమో ఈ కథయే మీకు తెలుపగలదు.

కథానాయకుడు పరశురాములు. కొత్త బస్టాండునకు ఎదురుగా నున్న టిఫిను హోటలుకు సార్వభౌముడు. ఇడ్లీపాత్రాధీశ్వరుడు, దోశలయందు దోషమెరుగని వాడు, ఉప్మాకు ఉపమానము లేదని చాటినవాడు, వడను వడివడిగా తీయువాడు, పూరీతో పొట్టను పూరించువాడు, సాంబారుతోనే సంబరము జరుపువాడు. పేరున పరశువున్నను చేత ధరించునది అట్లకాడ మాత్రమే.

ఆ వీరుని హోటలు గోడపై మిర్యాలగూడ బియ్యపు మిల్లువారు ఇచ్చిన క్యాలెండరు ఒకటి వ్రేలాడుచుండును. రోజుకొక కాగితము చింపవలసినది. అందరి క్యాలెండర్లలోను రాహుకాలము పెద్దగా నుండును. ఇందు మాత్రము రాహువును మూలకు నెట్టి రెండు విశేషములను ముద్రించిరి. పైన, ఆనాటికి ఏ సినిమా విడుదలై ఎన్నేండ్లయినదో. క్రింద, ఆనాడు లోకమందెచ్చటనో జనులు జరుపుకొను వింత పండుగ ఏదో. పరశురాములు ప్రతిదినము ప్రాతఃకాలమున ఆ కాగితమును చింపి, ఆ రెండింటిని బయటి నల్లబల్లపై సుద్దతో వ్రాయును. వ్రాసి ఊరకుండునా? పాటించును. ఎడమచేతివాటము వారి రోజున ఎడమచేత చట్నీ వడ్డింపగా సగము గిరాకీ చేతులు కడుగకుండనే లేచిపోయెను. దోమల రోజున, అతిథులను తరుముట మర్యాద కాదని దోమలబత్తి వెలిగింపకుండెను. టీ రోజున కాఫీ అడిగినవానిని దేశద్రోహిని చూచినట్లు చూచెను.

ఇట్లు లోకములోని పండుగలన్నియు జరుపు వీరుని ఎదలో ఒక ముల్లుండెను. ఆ ముల్లు పేరు తిరుపతమ్మ. కోదాడ నివాసిని, ఆతని అర్ధాంగి సైదమ్మకు కన్నతల్లి, ఆతనికి సాక్షాత్తు అత్త.

వైరకారణమును చెప్పెదను. పెండ్లయిన కొత్తలో అల్లుడు కోదాడకు పోయి, అత్తగారిని సినిమాకు తోడ్కొనిపోయెను. ఆ సినిమా పేరు చెప్పను. చెప్పిన సగమూరు ఈల వేయును, సగమూరు కొట్లాటకు వచ్చును. అందొక తల్లి తప్పిపోవును. చనిపోయినదనుకొని ఫోటోకు దండ వేసి ఇల్లంతయు రోదించుచుండగా విరామము పడును. తిరుపతమ్మ చేత మిర్చిబజ్జీ, కన్నుల గోదావరి. సూర్యాపేటలో మొదటి ఆటకే ఆ చిత్రమును దర్శించియున్న అల్లుడు, కరుణ ఉప్పొంగి ఇట్లనెను.

“ఏడ్వకు అత్తమ్మా. ఆమె సావలే. ఆఖరుకు బస్సు దిగి నడుసుకుంట వస్తది.”

ఆమె బజ్జీని సగముననే వదిలెను. సినిమాను సగముననే వదిలెను. అల్లునియెడల ప్రేమను మాత్రము పూర్తిగా వదిలెను. నాటినుండి ఆమె నోట ‘అల్లుడు’ అను మాట వెలువడలేదు. “మీ హోటలాయన బాగున్నాడా” అని కూతురినడుగును. ఎదురుగా నున్నను “హోటలాయనని కాస్త జరగమను” అనును. కూతురింటికి పండుగకు పబ్బానికి వచ్చునుగాని, ఆ హోటలు గడపను మాత్రము తొక్కి ఎరుగదు. సూర్యాపేటలో అందరికిని పరశురామన్న అయినవాడు ఒక్క అత్తకు హోటలాయనయై మిగిలెను. అల్లుడై పుట్టి అల్లుడని పిలిపించుకొనలేని బ్రతుకు, సాంబారు లేని ఇడ్లీవలె గొంతు దిగక ఆతనిని బాధించుచుండెను.

అట్టి పరశురాములు ఒకనాడు ముందు కాగితములను తిరగవేయుచు, అక్టోబరు నాలుగవ ఆదివారమున చూపు నిలిపెను. క్రింద: అత్తల రోజు. పైన: ఆ సినిమా విడుదలై పాతికేండ్లు. పగయు, ప్రాయశ్చిత్తమును ఒకే కాగితముపై. వీరుని మీసము గరిటెవలె పైకి లేచెను. అత్తగారిని ఆనాడు హోటలుకు రప్పించి, గారెలు పెట్టి, ‘అల్లుడు’ అను పిలుపును సంపాదించి తీరుదునని మరుగుచున్న నూనెమూకుడు సాక్షిగా ప్రతిన పూనెను. సైదమ్మ కోదాడకు పోయి బ్రతిమాలగా తల్లి “హోటలాయన పిలిస్తే రాను, నువ్వు పిలుస్తున్నావు గనక వస్తా” అని ఒప్పుకొనెను.

ఇచ్చటనే మహావీరులకు సహజమైన తప్పిదము జరిగెను. నిత్యము బల్లపై ‘రోజు’ అని వ్రాయువాడు, అత్తగారి ఘనతకు ఆ మాట చాలదని, గొప్పకు పోయి, సంస్కృతమునకు చేయి చాచి ‘దినం’ అనెను. అయ్యో, మన సీమలో మనిషి బ్రతికియున్నన్నాళ్లు గడచునవి రోజులు; పోయిన పిదప పెట్టునదే దినము. ఈ మర్మము తెలిసియు, ఉత్సాహమున మరచి, ఫోనున అత్తగారి ఫోటో పెట్టి, “ఆదివారం మా అత్త దినం. బంధుమిత్రులు భోజనానికి రాగలరు” అని లోకమునకు చాటెను. పిదప ఫ్లెక్సీలు ముద్రించు లక్ష్మణుకు ఫోను చేసెను.

“అత్త దినం అని పెద్దగ రాయి. ఫోటో పంపిన. మంచిగ ఉండాలె.”

“అట్లనే అన్నా,” అని లక్ష్మణు గొంతు తగ్గించెను. “ధైర్యంగ ఉండు.”

అత్త వచ్చుచున్నదని విని ధైర్యము చెప్పుచున్నాడనుకొని, “ఉంటనే. ఉండక తప్పుతదా,” అని పరశురాములు ఫోను పెట్టెను.

ఆ ఆదివారమున వీరుడు నల్లబల్లపై సినిమా పాతికేండ్ల సంగతి వ్రాసి, అత్తల పంక్తిని మాత్రము పైనున్న ఫ్లెక్సీకే వదలి, తలయెత్తి చూచెను. చూచి, సుద్దముక్కను నోట పెట్టుకొనెను. రెండు కరెంటు స్తంభముల నడుమ, లక్ష్మణు రాత్రికి రాత్రే ఇనుపతీగతో బిగించిన తెల్లని ఫ్లెక్సీ. నడుమ తిరుపతమ్మ చిరునవ్వు. ఆ నవ్వు చుట్టును బంతిపూల దండ. ఇరువైపుల అఖండజ్యోతులు. పైన నల్లని అక్షరములతో ‘అత్త దినం’. క్రింద, ‘స్వర్గస్థులైన తేది’ అని వ్రాసి, దాని పక్కన చుక్కలు, చుక్కలు, చుక్కలు. వీరునికి పట్టపగలే చుక్కలు కనిపించెను.

వెంటనే ఫోను చేసెను. “లక్ష్మణ్, ఏం జేసినవే ఇది?”

“ఏమైందన్నా, ఫోటో మంచిగ రాలేదా?”

“ఫోటో మంచిగనే వచ్చింది. మనిషి గూడ మంచిగనే ఉన్నది. బతికే ఉన్నది.”

“మరి దినం అంటివి.”

“దినం అంటే రోజు.”

“రోజుకు రోజే అనాలె గదన్నా. దినం అంటే దినమే అయితది. ఎరుకైనోనివని దండ గూడ నేనే ఏసిన.”

“మరి తేది పెట్టి చుక్కలేంది?”

“నువ్వు తారీఖు జెప్పకపోతివి. అడుగుదమంటే దుఃఖంల ఉన్నవాయె. నువ్వే రాసుకుంటవని జాగ ఇడిశిన.”

“ఇప్పుడే వచ్చి ఇప్పు.”

“గరిడేపల్లి పెండ్లికి ఫ్లెక్సీ గట్టవోతున్నన్నా. సగం తొవ్వల ఉన్న. పగటీలి బువ్వ యాళ్లకు వస్తా.”

“ఆడనన్న పెండ్లి అనే రాశినవా, సూసుకో,” అని వీరుడు ఫోను విసరబోయి, దాని కిస్తీలు ఇంకను ఉన్నవని మెల్లగా జేబున పెట్టుకొనెను.

అంతలో ప్రజలు గుమిగూడిరి. దండను చూచి దండము పెట్టిరి. దండము పెట్టినవారు టిఫిను తినక మరలిరి. నానబెట్టి రుబ్బిన పిండియంతయు దండగ కాసాగెను. ఆ జనసమ్మర్దమును చీల్చుకొని, తెల్లపంచె, తెల్లచొక్కా, భుజమున తువాలుతో మిర్యాలగూడనుండి తొలిబస్సు దిగిన లింగన్న వచ్చెను. ఈతడు తిరుపతమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పరశురాములకు వరుసకు చిన్నాయన. వచ్చుచునే ఏడ్చెను, ఏడ్చుచునే తిట్టెను.

“ఏమయ్యా పరశురాములూ. పోయిననాడు సెప్పలే. కాలవెట్టిననాడు సెప్పలే. దినానికి సెప్తున్నవ్, అది గూడ ఫోన్ల బొమ్మ వెట్టి. తోడవుట్టినోనికి ఆఖరిసూపు గూడ లేకపాయె.”

“సిన్నాయనా, జర నా మాట ఇను. అత్తమ్మ సావలే.”

“మొదట్ల గట్లనే అనిపిస్తది బిడ్డా. మా అమ్మ పోయినప్పుడు నాగ్గూడ గట్లనే ఉండె.”

“అనిపిచ్చుడు గాదే. బస్సుల వస్తున్నది.”

“ఆత్మ ఇల్లు సూసుకోను వస్తదంటరు,” అని లింగన్న ముక్కు చీదెను.

“ఆత్మ బస్సు ఎక్కుతదా?”

“ఎందుకెక్కది. ఆడోళ్లకు టికెట్ లేదాయె.”

ఇట్లు వాదము ఆత్మజ్ఞానమువైపు సాగుచుండగా వీరుని జేబున ఫోను మ్రోగెను. సైదమ్మ. “మునగాల దాటినం. అమ్మ కిటికీ పక్కన కూసున్నది. ‘నీ ఫోటో ఇంత పెద్దగ ఏయించిండు’ అని అమ్మకు చెప్పిన. చూడాలని ఒకటే ఆత్రపడుతుంది. కట్టించినవు గదా?”

“కట్టించిన,” అనెను వీరుడు. ఆ ఒక్క మాటతో వెనుకకు మరలు దారి మూసుకొనిపోయెను. ఫ్లెక్సీ లేకున్న అత్త అలుగును. ఉన్న అత్త అసలే పోవును. పాతికేండ్ల తపస్సు రెండు కరెంటు స్తంభముల నడుమ వ్రేలాడుచుండెను.

అప్పుడు పరశురాములు అంగడి ముందర, ఫ్లెక్సీ క్రింద బల్ల వేసి, బల్లపై స్టూలు వేసి, నడుమునకు తువాలు బిగించి, పెనమును బోర్లించి దాని అడుగునుండి యుగయుగముల మసిని గీకి, మంచినూనెతో రంగరించి, అట్లకాడను అందు ముంచి, ఎడమచేత దోశపిండి గిన్నె ధరించి, గగనమువంక చూచి ఇట్లు గర్జించెను.

“ఓయీ ఫ్లెక్సీ, పేరున ఫ్లెక్సీవై బుద్ధిన వంగనిదానా, వినుము. గాలివానలకు చిరుగుదువు, ఎన్నికలకు నిండుదువు, బ్రతికినవానిని నాయకుని చేయుదువు, నేడు నాయత్తకు చేయకూడని పని చేసితివి. తెలుగుభాషయందు ‘దినం’ అను మాట ఒంటరిగా నిలిచిన విషము. దాని వెంట ‘ఉత్సవం’ నడిచిన పాయసము. ఈ అట్లకాడతో నేడు నీ గుండెలపై ఉత్సవమును వ్రాయకున్నచో, నా దోశలు పెనమునకే అంటుకొనుగాక, నా చట్నీ పులిసిపోవుగాక.”

“ఉత్సవమేంది, శవమే లేకపాయె,” అని లింగన్న మరింత వెక్కెను.

“ఏడ్వకుండ స్టూలు వట్టుకో సిన్నాయనా.”

లింగన్న స్టూలును పట్టుకొనెను. కాని దుఃఖమును పట్టుకొనలేకపోయెను. ఆతడు వెక్కినప్పుడెల్ల స్టూలు వెక్కెను. స్టూలు వెక్కినప్పుడెల్ల పైనున్న వీరుడు, తుపానున చిక్కిన నావవలె, అటు కోదాడ దిక్కునకును ఇటు మిర్యాలగూడ దిక్కునకును ఊగెను. ఊగుచునే పోరెను. మొదట ‘దినం’ చివరి సున్నాపై దోశపిండి పూసి, ఆ సున్నాను సున్నా చేసెను. ‘న’ తలపై ఓత్వమను కిరీటము పెట్టెను. దాని పక్క ‘త్స’ను దింపుచుండగా గాలి వీచి ఫ్లెక్సీ ఉబ్బి, తిరుపతమ్మ ముఖము వచ్చి వీరుని ముఖమునకు చరచుకొనెను. బ్రతికియుండగా అత్త కొట్టని దెబ్బ ఫోటో కొట్టెను. బుగ్గకు మసియంటినను బుద్ధి చెదరక, పండ్లు కొరుకుచు ‘వ’ను వ్రాసి, పక్కన సున్నాను చుట్టి ముగించెను. ఇదిగో, చూడుడు: ‘అత్త దినోత్సవం’. మసి కొంచెము కారుచున్నది, కారనిండు. గారెలపిండియైనను కారునుగదా.

పిదప విస్తరాకులకు పిండి పూసి జ్యోతులపై అతికెను. జ్యోతులు ఆరెను. దండను మాత్రము ఏమియు చేయలేకపోయెను, ఫోటోతోపాటు ముద్రణయైనది. ఇక మిగిలినది క్రింది పంక్తి. ఆ చుక్కలను తుడువ వీరుడు నడుము వంచెను.

సరిగ్గా అప్పుడే ఎదుటి బస్టాండు ముఖద్వారమునుండి ఒక ముదురు పసుపు చీర రోడ్డు దాటెను. వెనుక సంచులు మోయుచు సైదమ్మ. లింగన్న తలయెత్తెను. ఎదుట అక్క. పైన అక్క. ఏ అక్క నిజమో తేల్చుకొనలేక, “అక్కా” అని ఒక్క కేక పెట్టి, స్టూలును వదిలెను.

స్టూలు నేలకూలెను. వీరుడు బల్ల పక్కనున్న దోశపిండి గంగాళములో కూలెను. పిండి ఎగసి, సూర్యాపేటలో అకాల హిమపాతమును కురిపించెను. పిండి కారుచున్న కనుబొమలతో, చేత అట్లకాడ వదలక, పరశురాములు లేచి నిలిచెను. అత్త ఎదుట నిలిచియుండెను.

కోదాడ కోదండధారిణియని పేరుగాంచిన ఆ మాత, కోదండము లేకయే, చూపు అను బాణమును ఫ్లెక్సీపై సంధించెను. దండ చూచెను. విస్తరాకులు చూచెను. కారుచున్న ఉత్సవమును చూచెను. పిదప తమ్ముని చూచెను.

“ఏందిరా లింగా. ఎందుకేడుస్తున్నావు?”

“నువ్వు సచ్చిపోయినవ్ గదనే అక్కా.”

“నాకెవరూ చెప్పలేదే.”

సైదమ్మ పైకి చూచి, నోటికి కొంగు అడ్డము పెట్టుకొని, మగనివంక చూచిన చూపులో రేపటినుండి ఆతనికి అన్నముండదని స్పష్టముగా వ్రాసియుండెను. తిరుపతమ్మ కన్నులు ఫ్లెక్సీనుండి దిగి, దాని క్రిందనున్న నల్లబల్లపై నిలిచెను. సుద్ద అక్షరములు. సినిమా పేరు. పాతికేండ్లు.

“ఆ సినిమాకి ఇవాళ్టికి పాతికేళ్లా?” అనెను. ఎవరినడిగెనో తెలియదు.

“అవునత్తమ్మా.”

“ఫోటోకి దండేసి అందరూ ఏడుస్తుంటే, ఆ తల్లి బస్సు దిగి నడుచుకుంటూ వచ్చే సీను. అదే కదూ.” ఆమె పిండి కారుచున్న వీరునివైపు తిరిగెను. “నన్ను చూడనియ్యలేదు ఆ రోజు. ఇవాళ నన్నే బస్సు దింపి నడిపించావు. ఏడ్చే వేషం మా లింగడికి ఇచ్చావు.”

కొన్ని యుద్ధములలో నోరు మూసుకొనుటకు మించిన అస్త్రము లేదని, పెండ్లయినవాడు గనుక, పరశురాములకు తెలియును.

కాని తిరుపతమ్మ చూపు మరల పైకి లేచి, క్రింది పంక్తిని పట్టుకొనెను. తుడువని పంక్తి. ‘స్వర్గస్థులైన తేది’. చుక్కలు. సైదమ్మ కన్నులు మూసుకొనెను. లింగన్న వెక్కుట ఆపెను. టీ కప్పులు పట్టుకొన్నవారు పట్టుకొన్నట్లే నిలిచిరి.

“ఇక్కడ తేదీ వెయ్యలేదేం?” అని అడిగెను అత్త.

ఆ క్షణమున వీరుని ముప్పదిరెండు పండ్ల వెనుకనుండి, పాతికేండ్లుగా మరగిన చారువంటి మాట ఒకటి పైకి వచ్చెను.

“అది క్లైమాక్స్ గద అత్తమ్మా. ముందుగాల జెప్పొద్దు.”

తిరుపతమ్మ పెదవులు బిగించెను. బుగ్గలు బిగించెను. ఎంత బిగించినను భుజములు నిలువలేదు. ఆమె నవ్వెను. ఆ నవ్వు మొదట ముక్కులోనుండి, పిదప పొట్టలోనుండి వచ్చి, చేతిసంచిని లింగన్నకు అందించి, మోకాళ్లు పట్టుకొని నవ్వునంత అయ్యెను.

“పాతికేళ్లు పట్టింది ఈ ముక్క నేర్చుకోడానికి,” అని కన్నులు తుడుచుకొనెను. “ముందు ఆ మొహం కడుక్కో. గారెలు చల్లారిపోతాయి. పద అల్లుడూ.”

పురజనులారా, వింటిరా? అ, ల్లు, డు. దండెత్తక, ఎన్నికలలో నిలబడక, ఒక అట్లకాడతోను కొంత మసితోను సంపాదించిన మూడక్షరముల మహాసామ్రాజ్యము. సాక్షులు లేరనకుడు, బస్టాండు ఎదుట టీ త్రాగుచున్నవారందరు విన్నారు, ఒకడు రెండవసారి చక్కెర వేసికొనుట కూడ మరచెను.

తిరుపతమ్మ ఆ హోటలు గడపను తొలిసారి తొక్కెను. గారె తినెను, మరొకటి అడిగెను. లింగన్న తన అక్క దినమున అక్క పక్కనే కూర్చుండి, దుఃఖమున తినవలసినదానికన్న కొంచెము ఎక్కువగానే తినెను. భోజనానంతరము పరశురాములు నిచ్చెన ఎరువు తెచ్చి వేసి ఫ్లెక్సీని విప్పి, చింపబోయెను.

“ఎందుకు చింపుతావు,” అనెను అత్త. “మడిచి దాచిపెట్టు అల్లుడూ. తేదీ ఒక్కటి వేసుకుంటే సరిపోతుంది, మళ్లీ కొత్తదెందుకు.” వీరుడు తలయూపి మడువసాగెను. ఆమె గుమ్మముదాక పోయి, మరల వెనుదిరిగెను. “ఆ మసితో రాసిన ముక్క మాత్రం కడగమాకు.”

కావున సకలదిగంతములకు చాటుచున్నాను: సూర్యాపేట పురమున, అక్టోబరు నాలుగవ ఆదివారమున, పరశురాముల వారు దినమును జయించి ఉత్సవమును నిలిపిరి. ఈ విజయగాథను చదివినవారు దోశ తిరగేసినపుడు అది విరుగదు. విన్నవారికి చట్నీ రెండవమారు అడుగకయే వచ్చును. సినిమాకు పోయి పక్కవానికి చివర చెప్పినవారికి మాత్రము ఏ ఫలమును లేదు.